గేరు లేని సైకిల్ కొనాలా వద్దా



ఈ వారం చెరువు నీళ్ల చరిత్ర రాస్తానని మాటిచ్చాను. దాన్ని వచ్చే వారానికి జరుపుతున్నా. మధ్యలో ఒక సైకిల్ అడ్డొచ్చింది.

మా కాలేజీలో ఒక సహోద్యోగి ఉన్నారు. మంచివారే. వాళ్లబ్బాయి ఇంజనీరింగ్ చదువుకని చెన్నై వెళ్లి మూడేళ్లయింది. అతని సైకిల్ మెట్ల కింద దుమ్ముపట్టి ఉంది. మౌంటెన్ బైక్ అంటారే, లావు టైర్లది, అది. గేర్లు లేవు. సింగిల్ స్పీడ్. నేను రోజూ షేర్ ఆటో కోసం నిలబడటం చూసి, "ఊరికే పడి ఉంది మేడం, తీసుకెళ్లండి. డబ్బులేం వద్దు" అన్నారు.

ఆ "ఊరికే" దగ్గర ఆగిపోయాను.

మనలో చాలామందికి ఈ మాట తెలుసు. పాత చీరలు ఊరికే. చినిగిన పుస్తకాలు ఊరికే. పండగ మర్నాడు మిగిలిన పిండివంటలు ఊరికే. ఇచ్చే చెయ్యి పైన, పట్టే కొంగు కింద. ఆయన మనసులో అదేమీ లేదని నాకు తెలుసు. కానీ మా అమ్మ కొంగు నాకు గుర్తుంది. "ధర చెప్పండి సార్, అప్పుడు ఆలోచిస్తా" అన్నాను. ఆయన కాస్త ఇబ్బందిపడి మూడు వేలన్నారు.

ఇంటికి ఫోన్ చేసి చెబితే అమ్మ నవ్వింది. "పీహెచ్‌డీ చేసి పాత సైకిల్ కొంటావంటే?" అంది. అన్నయ్య నవ్వలేదు. "నాన్న మనల్ని చదివించింది ఆ సైకిల్ దిగడానికే కదమ్మా. మళ్లీ ఎక్కుతావా?" అన్నాడు.

ఆ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పలేకపోయాను. అందుకే ఈ వ్యాసం.

ముందు నాన్న సైకిల్ సంగతి. మా నాన్న రైసు మిల్లులో హమాలీ. నేను పుట్టకముందే ఒక సెకండ్ హ్యాండ్ అట్లాస్ కొన్నాడు. నల్లది, 28 అంగుళాల చక్రాలు, వెనక క్యారేజీ. నేను సైకిల్ నేర్చుకుంది దానిమీదే, బారు కింద నుంచి కాలు దూర్చి అరతొక్కుడు తొక్కుతూ. ఆ సైకిల్ గురించి రెండు విషయాలు నాకు చిన్నప్పుడు అర్థం కాలేదు.

ఒకటి, నాన్న మిల్లు నుంచి వస్తూ ఊరి మొదట్లో దిగేవాడు. బొడ్రాయి దాటి, రచ్చబండ దాటి, నడిపించుకుంటూ వచ్చి, మా పల్లె చర్చి దగ్గర మళ్లీ ఎక్కేవాడు. అక్కడినుంచి మా ఇల్లు నాలుగు అడుగులు. నాలుగు అడుగుల కోసం ఎందుకు ఎక్కుతాడా అనుకునేదాన్ని. రెండు, ఆ సైకిల్ కొన్న కాయితం. అమ్మినాయన సంతకం, రెవెన్యూ స్టాంపు, ఫ్రేము నంబరు అన్నీ ఉన్న కాయితం. మా పదో తరగతి సర్టిఫికెట్లున్న కవర్లోనే అది కూడా ఉండేది. ఊళ్లో ఎవరి సైకిల్ పోయినా ముందు వెతికేది పల్లెలోనే అని తర్వాత తెలిసింది.

రచ్చబండ దగ్గర సైకిల్ దిగాలని రాసిన బోర్డేమీ ఉండదు. ఎవరూ నోటితో చెప్పక్కర్లేదు కూడా. కానీ ఈ రాయని నియమం దేశమంతా ఎంత గట్టిగా ఉందంటే, చివరికి పార్లమెంటు దాన్ని రాయాల్సి వచ్చింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. దానికి 2015లో చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. అందులో సెక్షన్ 3(1)(జెడ్‌ఏ)(బి) చదవండి. బహిరంగ స్థలాల్లో ఎస్సీ, ఎస్టీలు సైకిల్ గానీ మోటారు సైకిల్ గానీ ఎక్కకుండా, చెప్పులు గానీ కొత్త బట్టలు గానీ వేసుకోకుండా, పెళ్లి ఊరేగింపు తీయకుండా, ఆ ఊరేగింపులో గుర్రమెక్కకుండా అడ్డుకోవడం నేరం. 6 నెలల నుంచి 5 ఏళ్ల దాకా జైలు, జరిమానా. లా చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ సెక్షన్‌ను ఇంకోసారి చూడండి. ఒక దేశం తన చట్టంలో "సైకిల్" అన్న మాట ఎందుకు రాసుకుంది? అడ్డుకున్నారు కాబట్టి.

ఈ సంగతి సైకిల్‌కంటే పాతది. బాబాసాహెబ్ "వెయిటింగ్ ఫర్ ఎ వీసా"లో 1929లో చాలీస్‌గావ్‌లో జరిగింది రాశారు. స్టేషన్ నుంచి మహర్‌వాడకు తీసుకెళ్లడానికి జట్కావాళ్లెవరూ ఒప్పుకోలేదు. అంటరానివాణ్ణి కూర్చోబెట్టి తోలడం పరువు తక్కువట. జట్కా అద్దెకిస్తామన్నారు, తోలమన్నారు. చివరికి వాడవాళ్లలో ఒకరు, ఎన్నడూ తోలని మనిషి, పగ్గాలు పట్టుకున్నారు. వంతెన దగ్గర చక్రం రాళ్ల మధ్య ఇరుక్కుంది. అంబేడ్కర్ రాళ్లమీద పడ్డారు, కాలు విరిగింది. విదేశాల్లో డాక్టరేట్లు చేసి వచ్చిన బారిస్టరు ఆయన అప్పటికి. కులానికి చదువు కనపడదు, బండి మాత్రం కనపడుతుంది.

ఆ జట్కాతో పోలిస్తే సైకిల్ గొప్పతనం తెలుస్తుంది. సైకిల్‌కు తోలేవాడు అక్కర్లేదు. ఎక్కినవాడే తోలతాడు. ఎవడి దయా లేకుండా ఒక కూలీ మనిషి రోజుకు ముప్పై కిలోమీటర్లు తిరగ్గలిగిన మొదటి బండి అది. అందుకే దాన్ని ఆపాలనుకున్నారు. ఇది మన ఊళ్లలోనే జరిగిందనుకుంటే పొరపాటు. అమెరికా వెళ్దాం రండి. నేను కొనబోయే మౌంటెన్ బైక్ పుట్టిల్లు కూడా అదే.

మౌంటెన్ బైక్ కథ మామూలుగా ఇలా చెబుతారు. 1970ల్లో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో కొందరు కుర్రాళ్లు 1930, 40ల నాటి పాత ష్విన్ సైకిళ్లను తుక్కు ధరకు కొన్నారు. లావు టైర్లు, ఒకే స్పీడు, వెనక్కి తొక్కితే పడే బ్రేకు. వాటితో మట్టిదారిన కొండ దిగడం పందెం. 1976లో మొదలైన ఒక పందేనికి "రీప్యాక్" అని పేరు. రెండు మైళ్ల దూరంలో దాదాపు 1,300 అడుగులు దిగే దారి అది. కిందికి చేరేసరికి బ్రేకు వేడికి హబ్బులోని గ్రీజంతా కాలిపోయేది. మళ్లీ కూరాల్సి వచ్చేది. అందుకే ఆ పేరు. వాళ్లలో జో బ్రీజ్ 1977లో ఇందుకోసమే కొత్త ఫ్రేము తయారు చేశాడు. గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ 1979లో కంపెనీ పెట్టారు. అంటే మొదటి మౌంటెన్ బైక్ కూడా సెకండ్ హ్యాండ్ సింగిల్ స్పీడే. నా సహోద్యోగి మెట్ల కింద ఉన్నదానికి వంశం మంచిదే!

కానీ ఈ కథలో ఒక అధ్యాయం ముందే చిరిగిపోయింది. ఆ కుర్రాళ్లకు 80 ఏళ్ల ముందు అదే అమెరికాలో కొండలమీద సైకిల్ తొక్కినవాళ్లున్నారు. వాళ్లు నల్లవాళ్లు.

అమెరికా సైన్యంలో 25వ ఇన్‌ఫెంట్రీ నల్లజాతి సైనికుల దళం. అధికారులు మాత్రం తెల్లవాళ్లు. గుర్రాల బదులు సైకిళ్లు పనికొస్తాయా అని చూడటానికి 1896లో మోంటానా రాష్ట్రంలోని ఫోర్ట్ మిజూలాలో లెఫ్టినెంట్ జేమ్స్ మాస్ ఒక సైకిల్ దళాన్ని తయారు చేశాడు. ఆ ఏడు వాళ్లు యెల్లోస్టోన్ దాకా వెళ్లొచ్చారు. 1897 జూన్ 14న 20 మంది సైనికులు మిజూలా నుంచి సెయింట్ లూయిస్‌కు బయలుదేరారు. 1,900 మైళ్లు, అంటే మూడు వేల కిలోమీటర్లు. రాకీ పర్వతాలు దాటారు. వాన, మంచు, మోకాళ్లు దిగే బురద. దారి బాగాలేనిచోట రైలు పట్టాల మధ్య స్లీపర్లమీద తొక్కారు, మోశారు, తోశారు. నెబ్రాస్కాలో చవిటి నీళ్లు తాగి జబ్బుపడ్డారు. తుపాకీ, దుప్పటి, వంట సామాను అన్నీ సైకిల్‌మీదే. ఆ సైకిళ్లకు గేర్లు లేవు. జూలై 24న సెయింట్ లూయిస్ చేరారు.

ఒకే గేరుతో ఎలా ఎక్కారు? ఎక్కగలిగినంత ఎక్కారు. లేనిచోట దిగి తోశారు. అంతే.

ఆ 20 మందిలో మింగో సాండర్స్ అనే సార్జెంటు ఉన్నాడు. ఆయన తర్వాత కథ మన విద్యార్థులు తెలుసుకోవాలి. 1906లో టెక్సస్‌లోని బ్రౌన్స్‌విల్ ఊళ్లో కాల్పులు జరిగాయి. ఊరి తెల్లవాళ్లు నేరం 25వ ఇన్‌ఫెంట్రీ మీద పెట్టారు. విచారణ లేదు, రుజువు లేదు. అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ 167 మంది నల్ల సైనికులను ఒక్క సంతకంతో పీకేశాడు. సాండర్స్ అప్పటికి పాతికేళ్లకు పైగా నౌకరీ చేశాడు, పెన్షన్‌కు దగ్గరపడ్డాడు. అదీ పోయింది. వాళ్లు నిర్దోషులని సైన్యం ఒప్పుకున్నది 1972లో. అప్పటికి దాదాపు అందరూ చనిపోయారు. అదే 1972లో బొంబాయిలో మనవాళ్లు బ్లాక్ పాంథర్స్ పేరు తీసుకుని దళిత్ పాంథర్స్ పెట్టారు. మూడు వేల కిలోమీటర్లు తొక్కినా, పాతికేళ్లు సేవ చేసినా, ఊళ్లో నేరం జరిగితే ముందు వెతికేది వాళ్ల బ్యారెక్‌లోనే. మా నాన్న సైకిల్ కాయితం ఎందుకు దాచుకున్నాడో సాండర్స్‌కు చెబితే వెంటనే అర్థమయ్యేది.

ఊరి నియమం అక్కడ కూడా ఉంది, కాకపోతే రాసిపెట్టుకున్నారు. అమెరికా సైకిల్ సంఘం లీగ్ ఆఫ్ అమెరికన్ వీల్‌మెన్ 1894లో సభ్యత్వం తెల్లవాళ్లకే అని తీర్మానించింది. అంతకుముందే సభ్యురాలైన కిట్టీ నాక్స్ అనే బోస్టన్ అమ్మాయి, బట్టలు కుట్టి బతికే నల్లమ్మాయి, తాను కుట్టుకున్న నిక్కరు డ్రెస్సుతో 1895లో ఆస్‌బరీ పార్కులో జరిగిన ఆ సంఘం సభకు వెళ్లి నిలబడింది. ఆమెను అడ్డుకోవాలని చూశారు. ఆమె వెనక్కి పోలేదు. మేజర్ టేలర్ అనే నల్లజాతి యువకుడు 1899లో మాంట్రియల్‌లో మైలు పందెంలో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. హోటళ్లు గది ఇవ్వలేదు, పందేల్లో తోటివాళ్లు చుట్టుముట్టి పడేశారు. 1932లో షికాగోలో దిక్కులేనివాళ్లను పాతిపెట్టే చోట పాతిపెట్టారు. ఆ సంఘం తన తీర్మానాన్ని తప్పని ఒప్పుకుంది 1999లో. నూటఐదేళ్లు!

సైకిల్‌ను మరీ నెత్తికెత్తుకోవద్దు. ఇంకో చరిత్ర కూడా చెప్పాలి. 1888లో బెల్‌ఫాస్ట్‌లో డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల బండికి గాలి టైరు తొడిగాడు. ప్రపంచమంతా రబ్బరు కావాలంది. ఆ రబ్బరు కోసం బెల్జియం రాజు లియోపోల్డ్ కాంగోలో ఏం చేశాడో చదవండి. ఇన్ని కిలోలు తేవాలని లెక్క, తేకపోతే భార్యాపిల్లలు బందీలు, చేతులు నరకడం. 1908లో అతని పాలన పోయేలోపు ఎన్ని ఊళ్లు ఖాళీ అయ్యాయో. ఒకరి కాళ్లకు స్వేచ్ఛ ఇచ్చిన చక్రం ఇంకొకరి చేతులు తీసుకుంది. పాత సైకిల్ కొనడానికి నాకు కనిపించిన ఒక మంచి కారణం ఇదే. ఉన్నదాన్ని వాడటం కొత్తది తయారు చేయించడంకంటే తక్కువ పాపం.

ఇక మన దగ్గరికి వద్దాం. 1983లో కాన్షీరామ్ గారు డీఎస్4 తరఫున సైకిల్ యాత్ర చేశారు. దాదాపు వందమంది, 40 రోజులు, ఢిల్లీ చుట్టుపక్కల రాష్ట్రాల్లో ఊరూరా. కార్ల ర్యాలీకి డబ్బుల్లేవు. పేదవాడి దగ్గర ఉన్న రెండు కాళ్లు, రెండు చక్రాలతో రాజకీయం చేయొచ్చని చూపించారు. మరుసటి ఏడాది ఏప్రిల్ 14న బీఎస్పీ పుట్టింది. కారు దిగి సైకిలెక్కిన నాయకులు ఫోటోల కోసం చాలామంది ఉంటారు. ఆయన దగ్గర దిగడానికి కారు లేదు.

1991లో తమిళనాడులోని పుదుక్కోట్టైలో అక్షరాస్యత ఉద్యమం అక్షరాలతోపాటు సైకిల్ కూడా నేర్పింది. కలెక్టర్ షీలారాణి చుంకత్. వేలమంది ఆడవాళ్లు, కూలీలు, రాళ్లు కొట్టేవాళ్లు, నేర్చుకున్నారు. లేడీస్ సైకిళ్లు దొరక్క జెంట్స్ సైకిళ్లే కొన్నారని, బిడ్డను కూర్చోబెట్టుకోవడానికి ఆ బారు పనికొచ్చిందని పి. సాయినాథ్ రాశారు. ఎగతాళి చేసినవాళ్లు చేశారు. వాళ్లు బస్సు కోసం ఎదురుచూడటం మానేశారు.

ఇప్పుడు అన్నయ్య ప్రశ్న. అన్నయ్యది తప్పని నేను అనను. మనవాడు కారులో వెళ్తే ఊరు చూసే చూపు వేరు. బాబాసాహెబ్ సూటు ఎందుకు వేసుకున్నారో మనకు తెలుసు. పేదరికాన్ని అలంకారంగా తొడుక్కునే హక్కు ఉన్నవాళ్లకే ఉంటుంది. ఆ సహోద్యోగి సైకిల్ తొక్కితే "ఆరోగ్యం మీద శ్రద్ధ" అంటారు. నేను తొక్కితే "ఎంత చదివినా..." అని ఆపేస్తారు. ఇది నిజం. దీన్ని మర్చిపోయి సైకిల్ కొనకూడదు, దీనికి భయపడి మానేయకూడదు. నాన్న అవమానం సైకిల్ ఎక్కడంలో లేదు, దిగాల్సి రావడంలో ఉంది. మేం దిగాలని నాన్న చదివించలేదు. ఎక్కడ దిగాలో మేమే నిర్ణయించుకోవాలని చదివించాడు.

సరే, చరిత్ర ఒప్పుకుంది. మరి సైకిల్ ఒప్పుకోవాలిగా? శనివారం దాన్ని కాలేజీ గేటు పక్క సైకిల్ మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లాను. నలభై ఏళ్లుగా అక్కడే ఉన్న మనిషి.

"బాబాయ్, తీసుకోమంటావా?"

"గేర్లదైతే వద్దనేవాణ్ణమ్మా. ఈ ధర సైకిళ్లకు గేర్లు ఆర్నెల్లకే మొరాయిస్తాయి. ఇదైతే చైను, ఫ్రీవీలు, అంతే. పోవడానికి ఏముంది?"

కొనాలనుకునే విద్యార్థుల కోసం ఆయన చూసినవి రాస్తున్నా. ముందు ఫ్రేము. హ్యాండిల్ కింద వెల్డింగు దగ్గర పగులుందా అని గోటితో గీరి చూశాడు. పగులుంటే ఊరికే ఇచ్చినా వద్దు. ముందు బ్రేకు పట్టి సైకిల్‌ను ముందుకూ వెనక్కూ ఊపాడు. హ్యాండిల్ దగ్గర టక్కుమంటే లోపలి బాల్స్ వదులు. పెడలు కడ్డీని పక్కకు ఊపాడు. చక్రాలు ఎత్తి తిప్పాడు, వెనకది కొంచెం బెండు. చైనును స్కేలుతో కొలిచాడు. 24 లింకులు సరిగ్గా 12 అంగుళాలుండాలి, వీసం రెండు వీసాలు పెరిగితే మార్చాలి. ఇది పెరిగింది. టైర్లు ఎండి పక్కలు చీలాయి.

గేరు లెక్క కూడా చేశాం. ముందు పళ్లు 44, వెనక 18, చక్రం 26 అంగుళాలు. పెడలు ఒక్కసారి తిరిగితే సుమారు 5 మీటర్లు. వెనక 20 పళ్ల ఫ్రీవీలు వేస్తే నాలుగున్నర మీటర్లకు తగ్గుతుంది, కానీ ఎత్తు ఎక్కడం తేలిక. మాది కృష్ణా డెల్టా. కొండ లేనిచోట కొండ సైకిల్. ఉన్నవల్లా రైలు వంతెన, కాలవ గట్టు. అయినా మా పల్లె రోడ్డు చూస్తే లావు టైర్లే నయం. సిమెంటు రోడ్డు ఊరి చివర ఆగిపోయింది, ఎక్కడ ఆగిందో మీరు ఊహించగలరు. 20 పళ్లదే వేయమన్నాను.

టైర్లు, ట్యూబులు 1,100. చైను 250. ఫ్రీవీలు 150. బ్రేకు కట్టలు 100. బెండు తీసి, గ్రీజు పెట్టి, కూలి 300. క్యారేజీ, మడ్‌గార్డులు, చున్నీ చిక్కుకోకుండా చైను కవరు 600. మూడు వేలతో కలిపి 5,500. కొత్తది ఎనిమిది వేలు చెప్పారు. కొన్నాను.

సహోద్యోగికి మూడు వేలు ఇచ్చి ఒక కాయితం రాయించుకున్నాను. ఫ్రేము నంబరు, తేదీ, సంతకం. "ఇదెందుకు మేడం?" అని ఆశ్చర్యపోయారు. నాన్న కాయితం గురించి చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఆయనే వెళ్లి రెవెన్యూ స్టాంపు తెచ్చి అంటించారు.

ఆదివారం ఊరికి వెళ్లాను, తొమ్మిది కిలోమీటర్లు. బొడ్రాయి దగ్గర దిగలేదు. రచ్చబండ మీద ఇద్దరు ముసలాళ్లు ఫోన్ చూసుకుంటున్నారు. ఒకాయన తలెత్తి చూసి మళ్లీ ఫోన్‌లోకి దించాడు. పెద్ద సంఘటనేమీ జరగలేదు. జరగకపోవడానికి ఎంతమంది ఎన్నేళ్లు పట్టిందో ఈ పేజీ చదివేవాళ్లకు చెప్పక్కర్లేదు. ఇప్పటికీ జరుగుతున్న ఊళ్లున్నాయని కూడా చెప్పక్కర్లేదు.

వచ్చేటప్పుడు కాలవ గట్టు దగ్గర మాత్రం దిగాను. ఎవరో ఉన్నారని కాదు. ఎక్కలేక. 20 పళ్లు కూడా చాలలేదు. ఆయాసపడుతూ నవ్వుకుంటూ తోసుకుంటూ ఎక్కాను, 25వ ఇన్‌ఫెంట్రీ లాగా. పైకెళ్లాక మళ్లీ ఎక్కాను.

మీ ఇళ్లలో మీ నాన్నల, తాతల సైకిళ్ల కథలుంటాయి. ఎక్కడ దిగేవారో అడగండి. పెద్దవాళ్లు ఉండగానే అడిగి రాసి పెట్టండి. అదే మన చరిత్ర.

వచ్చే వారం చెరువు.

జై భీమ్.